ఆంటొనీ బీవర్ ‘ది సెకండ్ వరల్డ్ వార్’: నల్లగొండ నుంచి ఒక పాఠకుడి మాట

రెండో ప్రపంచ యుద్ధం మీద ఒకే ఒక్క పుస్తకం కొనాలనుకునేవారు అడిగితే నేను కొన్నేళ్లుగా చెబుతున్న పేరు ఇదే. బ్రిటిష్ చరిత్రకారుడు ఆంటొనీ బీవర్ రాయగా 2012లో వచ్చిన ఈ ఇంగ్లీషు పుస్తకం ఎనిమిది వందల పేజీలు దాటుతుంది. నల్లగొండలో ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను కాబట్టి, ఆసాంతం చదివాక కూడా ఏటా ఏదో ఒక అధ్యాయం కోసం దీన్ని తెరుస్తూనే ఉన్నాను.

మనం చదువుకున్న పాఠాల్లో ఈ యుద్ధం 1939 సెప్టెంబరు 1న, పోలండ్ మీద జర్మనీ దాడితో మొదలవుతుంది. బీవర్ మాత్రం మంగోలియా సరిహద్దులోని ఖల్ఖిన్ గోల్ నది దగ్గర మొదలుపెడతారు. అక్కడ అదే ఏడాది ఆగస్టు 20న జుకోవ్ నడిపిన సోవియట్ సేన దాడి మొదలుపెట్టి, జపాన్ సేనను చుట్టుముట్టి చావుదెబ్బ తీసింది. ఆ దాడి మొదలైన మూడు రోజులకే మాస్కోలో జర్మనీ, సోవియట్ యూనియన్ ఒకరిపై ఒకరు దాడి చేయకూడదనే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నది దగ్గరి ఆ ఓటమితో జపాన్‌లో ఉత్తరాన సోవియట్ మీదికి దండెత్తుదామనే వర్గం వెనక్కి తగ్గింది, దక్షిణ సముద్రాల వైపు చూసే వర్గానికి బలం వచ్చింది. 1941 ఏప్రిల్‌లో జపాన్, సోవియట్ యూనియన్ తటస్థ ఒప్పందం చేసుకున్నాయి. అదే ఏడాది జర్మన్లు మాస్కో పొలిమేరకు చేరినప్పుడు స్టాలిన్ తూర్పు నుంచి సేనలను రప్పించుకోగలిగాడు. డిసెంబరు 5న సోవియట్ ఎదురుదాడి, 7న అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి, 11న అమెరికా మీద హిట్లర్ యుద్ధ ప్రకటన. వారం రోజుల్లో జరిగిన ఈ మూడు ఘట్టాల వెనుక ఎవరికీ పెద్దగా గుర్తులేని ఆ నది ఒడ్డు కూడా ఉందని తెలియడం నాకు ఈ పుస్తకం ఇచ్చిన అతి పెద్ద లాభం. ఐరోపా, ఆసియా యుద్ధాలను ఒకే యుద్ధంగా చూడటం ఇక్కడే నేర్చుకున్నాను.

ప్రారంభంలోనే యాంగ్ క్యోంగ్‌జోంగ్ అనే కొరియా యువకుడి కథ వస్తుంది. జపాన్ సేన బలవంతంగా చేర్చుకుంటే సోవియట్లకు చిక్కాడు, వాళ్ల తరఫున పోరాడుతూ జర్మన్లకు దొరికాడు, చివరికి 1944లో నార్మండీలో జర్మన్ దుస్తుల్లో అమెరికన్ల చేతికి చిక్కాడు. ఈ కథకు గట్టి ఆధారాలు లేవన్న విమర్శ ఉంది. అందుకే పిల్లలకు దీన్ని రుజువైన చరిత్రగా చెప్పను. అయినా పుస్తకం అంతటా రచయిత చూపు ఎటు ఉందో ఆ పేజీలు స్పష్టం చేస్తాయి. సేనానుల వ్యూహాలతో పాటు ఆ వ్యూహాల కింద నలిగినవారిని ఆయన ఎక్కడా వదలరు. 872 రోజుల లెనిన్‌గ్రాడ్ ముట్టడిలోని ఆకలి, చైనాలోని నాన్‌జింగ్‌లో జపాన్ సేన మారణకాండ, జర్మనీలో అడుగుపెట్టిన సోవియట్ ఎర్రసేన స్త్రీల పట్ల చేసిన ఘోరాలు చదవడానికి గుండె దిటవు కావాలి. గెలిచిన పక్షమని ఎవరినీ ఉపేక్షించకపోవడం నాకు బాగా నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. ఏ డివిజన్ ఎటు కదిలిందో చెప్పే పేజీలు కొన్నిచోట్ల విసిగిస్తాయి. చమురు, ఉక్కు, కర్మాగారాల లెక్కలు ఇంకా కావాలనిపిస్తుంది. యుద్ధం గెలవడంలో వాటి పాత్ర చిన్నదేమీ కాదు.

నాకు అసలు వెలితి మన దేశం దగ్గరే. ఇంఫాల్, కోహిమా పోరాటాలున్నాయి. కానీ 25 లక్షల మంది సైనికులతో పెరిగిన భారత సేనకు దక్కిన చోటు తక్కువ. 1942 మార్చిలో రంగూన్ పతనంతో బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. మరుసటి ఏడాది బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసింది. ఆ యుద్ధం మా జిల్లాకు ధాన్యం లెవీ, అంటే సర్కారు రైతుల నుంచి తప్పనిసరిగా తీసుకునే ధాన్యం రూపంలో వచ్చింది. నిజాం ప్రభుత్వం విధించిన లెవీ నుంచి దొరలు తప్పించుకునేవారు, ఆ బరువు చిన్న రైతుల మీద పడేది. పట్వారీ వస్తున్నాడంటే జొన్నలు పాతరలో దాచి పైన పిడకలు పేర్చేవాళ్లమని మా నాయనమ్మ చెప్పేది. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పోరాటానికి వెట్టి, భూమి సమస్యలతో పాటు ఈ లెవీ కూడా ఒక కారణం. ప్రపంచ చరిత్ర రాసే ఇంగ్లీషు రచయిత కడవెండి దాకా రావాలని నేను అనడం లేదు. రంగూన్ నుంచి మా పాతర దాకా ఉన్న ఆ గొలుసును తెలుగులో ఎవరైనా ఇంత విపులంగా రాయాలని గట్టిగా కోరుకుంటున్నాను.

గ్రూప్స్ పరీక్షలకు తేదీలు కావలసినవారు దీన్ని కొనవద్దు, అందుకు చిన్న పుస్తకాలు చాలు. తీరిగ్గా చదివేవారు మాత్రం పక్కన పెద్ద అట్లాసు పెట్టుకుని, ముందు 1941 డిసెంబరు దాకా చదివి కొన్నాళ్లు ఆగండి. ఇంగ్లీషు కష్టమైనది కాదు, పేర్లే కష్టం. దళాల పేర్లు గుర్తుండకపోతే వదిలేయండి, ఊర్ల పేర్లు మాత్రం పటంలో వెతకండి. గట్టి అట్ట ప్రతి దొరికితే అదే తీసుకోండి. నా మెత్తటి అట్ట ప్రతికి స్టాలిన్‌గ్రాడ్ అధ్యాయాల దగ్గర పేజీలు ఊడివస్తే మళ్లీ కుట్టించుకోవలసి వచ్చింది.