సెయిలింగ్‌లో తుఫాను ముంచుకొస్తే: రేవుకు పరుగా, నడిసముద్రమా? ఏది మేలు?

గాలి ముదరగానే పడవలో అందరి నోటా ఒకటే మాట వస్తుంది: "పదండి, ఒడ్డుకు పోదాం." స్నేహితులతో సెలవులకు వెళ్లినప్పుడు ఈ మాటకు బలం ఎక్కువ. పడవ అద్దె గడువు, మర్నాటి ఆఫీసు, వాంతులతో నీరసించిన ఒకరిద్దరు, అన్నీ ఒడ్డు వైపే లాగుతాయి. అయితే ఆ పరుగు ఎప్పుడూ మంచిదే అనుకోవద్దు.

తుఫాను ఇంకా రాకముందే, వెలుతురు ఉండగా చేరగలిగితే రేవును మించింది లేదు. గాలి పీడనం కొలిచే బారోమీటర్ మూడు గంటల్లో 3 హెక్టోపాస్కల్స్‌కు మించి పడిపోతుంటే చర్చలు పెట్టకుండా తిరుగుముఖం పట్టాలి. ఆలస్యమైతే మాత్రం లెక్క తారుమారవుతుంది. రేవు ముఖద్వారం దగ్గర లోతు తగ్గేసరికి అలలు నిటారుగా లేచి విరుగుతాయి. ఆటుకు నీళ్లు బయటికి పోతూ, గాలి ఎదురు కొడుతుంటే మరీ ఘోరం. అక్కడ పడవ అడ్డం తిరిగితే సరిదిద్దుకునే చోటుండదు, పక్కనే రాళ్లు.

కొండ చాటున లంగరు వేయడం మధ్యేమార్గంలా కనిపిస్తుంది. చిన్న గాలివానకు సరిపోతుంది కూడా. లోతుకు ఏడు రెట్లయినా గొలుసు వదలాలి, రాత్రంతా ఒకరు మెలకువగా ఉండాలి. గాలి దిక్కు మారితే ఆ చాటు కాస్తా ఉచ్చవుతుంది. అందుకే పెద్ద తుఫానుకు నేను దీన్ని నమ్మను.

ఇక నడిసముద్రం. వినడానికే భయం, కానీ గాలివాటున చాలా దూరం ఖాళీగా ఉంటే, ఆలస్యమైనప్పుడు నా ఓటు దీనికే. పెద్ద తెరచాపను బాగా కుదించి, ముందు చాపను గాలివైపు లాగి కట్టి, పడవ ముక్కు గాలివైపు తిరిగేలా చుక్కానిని బిగించేస్తారు. దీన్నే హీవ్ టు అంటారు. పడవ దాదాపు ఆగిపోయి, మెల్లగా పక్కకు జారుతుంటుంది. ఊగిసలాట ఎంత తగ్గుతుందంటే, అప్పటిదాకా గుటకైనా దిగనివాళ్లు కాసిని నీళ్లు తాగి నడుం వాల్చగలుగుతారు. అలసిన మనుషులకు ఇది చాలా పెద్ద సాయం. అలలు మరీ పెద్దవై పడవ మీదే విరుగుతుంటే మాత్రం ఇదొక్కటే చాలదు.

ఏ దారి పట్టినా, పడవ తేలుతున్నంతసేపు దాన్ని వదలకూడదు. 1979లో బ్రిటన్ దగ్గరి సముద్రంలో జరిగిన ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల రేసులో తుఫానుకు 15 మంది పోటీదారులు చనిపోయారు. సిబ్బంది వదిలేసిన పడవలు 24, వాటిలో మునిగినవి 5 మాత్రమే. లైఫ్ రాఫ్ట్‌లోకి (గాలి నింపిన ప్రాణరక్షక తెప్పలోకి) దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల పడవలు తర్వాత తేలుతూ దొరికాయి. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

నిర్ణయం పడవ నడిపే స్కిప్పర్‌దే కావాలి, ఓటింగ్ వద్దు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కాబట్టి చాప కుదించడం ముందే కానివ్వాలి. లైఫ్ జాకెట్లు, మనిషిని పడవకు కట్టి ఉంచే తాళ్లు అందరికీ ఉండాలి. ప్రమాదం తప్పదనిపిస్తే మొహమాటపడకుండా పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్‌లో సాయానికి పిలవండి, పడవ ఎక్కడుందో, ఎంతమంది ఉన్నారో ముందు చెప్పండి.