సోనీ ఏ7 త్రీ, 85 ఎంఎం 1.8: నల్లగొండ పెళ్లిళ్లలో ఏళ్లు వాడాక

ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చే తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, 85ల 1.4 తీసుకోవాల్నా, 1.8 సరిపోతదా?" 85 అంటే 85 ఎంఎం లెన్స్. 1.4, 1.8 అంటే దాని అపర్చర్, అంటే లోపలి రంధ్రం సైజు; నంబర్ చిన్నదైతే రంధ్రం పెద్దది, బ్లర్ ఎక్కువ. నా మాట: 1.8 తీసుకోండి. మిగిలిన డబ్బు రెండో బాడీకి, అంటే ఇంకో కెమెరాకు పెట్టండి.

లెక్క సింపుల్. ఏ7 త్రీ లాంటి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీకి 85 పెట్టి 2 మీటర్ల దూరం నుంచి 1.8లో తీస్తే షార్ప్‌గా వచ్చేది దాదాపు 6 సెంటీమీటర్ల మందమే. పెళ్లికూతురు ఒక్కతే అయితే చాలు. పక్కన పెళ్లికొడుకు కొంచెం వెనక్కి కూర్చున్నా అతని మొహం పోతుంది. ఆల్బమ్ చూసేటప్పుడు అత్తగారి తరఫు వాళ్లు బ్లర్ బాగుందని మెచ్చుకోరు, మా పిల్లగాడు సరిగా పడలేదంటారు. అందుకే జంట ఫొటోలన్నీ 2.8 నుంచి 4 మధ్యలోనే తీస్తాను. అలాంటప్పుడు 1.4కు పెట్టిన డబ్బు ఎప్పుడు పనికొచ్చేది? పైగా సోనీ మొదటి 85 1.4 జీఎం లెన్స్ బరువు 820 గ్రాములు, ఈ 1.8 ది 371. ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా మెడలో మోసేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

85తో నాకు బాగా పడినవి పెళ్లికూతురు తల వంచుకున్నప్పటి క్లోజప్‌లు, అప్పగింతల్లో తండ్రి మొహం. వీడియో వాళ్లకు అడ్డం రాకుండా స్టేజి పక్క మెట్ల మీద నుంచే తీయొచ్చు. జీలకర్ర బెల్లం దగ్గర మాత్రం 85 పనిచేయదు. అడ్డుతెర చుట్టూ చుట్టాలు మూగుతారు, వెనక్కి జరగడానికి అడుగు జాగా ఉండదు. పుస్తెలు, మట్టెల క్లోజప్‌లకూ కష్టమే, 80 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కాదు. వీటికి టామ్రాన్ 28-75 2.8 జూమ్ లెన్స్ కావాలి. పంతులుగారు మన లెన్స్ మార్పు కోసం ఆగరు కాబట్టి అది ఇంకో బాడీకి బిగించి ఉండాలి.

రెండో బాడీకి ఇంకో కారణం దుమ్ము. ఏ7 త్రీ ఆఫ్ చేసినా షట్టర్ మూసుకోదు, లెన్స్ తీస్తే సెన్సర్ బయటపడుతుంది. బరాత్‌లో, పల్లె పందిట్లో లెన్స్ మార్చితే తర్వాత ఒక్కో ఫొటోలో మచ్చలు తుడుస్తూ కూర్చోవాలి.

ఆటో ఫోకస్ గురించి పెద్దగా చెప్పేది లేదు. 2019 ఏప్రిల్‌లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) 3.0 వచ్చాక కన్ను పట్టడం చాలా మెరుగైంది. కాకపోతే మధ్యలో పంతులుగారి మొహం వస్తే ఒక్కోసారి అటు దూకుతుంది. బ్యాటరీ బాగా ఆగుతుంది. మెనూ మాత్రం ఇప్పటికీ చిరాకే.

అసలు తలనొప్పి ఫంక్షన్ హాల్ లైట్లు. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) పెడితే ఎల్ఈడీల కింద ఫొటోలో అడ్డ చారలు పడతాయి, ఎందుకంటే ఈ బాడీ సెన్సర్ ఫొటోను వరుస తర్వాత వరుసగా మెల్లగా చదువుతుంది. హాల్లో మెకానికల్ షట్టరే వాడాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. అందుకని షట్టర్ స్పీడ్ 1/100 సెకను దగ్గర పెడితే చాలావరకు తప్పుతుంది. తలంబ్రాలకు ఆ స్పీడ్ చాలదు, అక్కడ ఫ్లాష్ వాడతాను. స్టేజి వెనక ఎల్ఈడీ వాల్ ఉంటే ఇదీ గ్యారంటీ కాదు, ముందే వచ్చి ఒకసారి తీసి చూసుకోవాలి.

1.8లో మైనస్ ఒకటుంది. పెద్ద అపర్చర్‌లో నగల మెరుపుల అంచున ఊదా రంగు వస్తుంది. అపర్చర్ 2.8కు చిన్నది చేస్తే చాలావరకు పోతుంది.

రెండు కార్డులకూ ఒకేసారి రాయించడం మానకండి. ఒక రాత్రి ఇంటికొచ్చి చూస్తే ఒక కార్డు తెరుచుకోనే లేదు, రెండో దానిలో పెళ్లంతా ఉంది. రెండో స్లాట్ నెమ్మది కాబట్టి తలంబ్రాల బర్స్ట్ (గబగబా వరుస ఫొటోలు) తర్వాత కెమెరా కాసేపు ఆగుతుంది, ఆ మాత్రం భరించాలి.

రెండో బాడీ పాతదైనా పర్లేదు. కొనే ముందు రెండు స్లాట్లలో కార్డులు పెట్టి తీయండి, షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో) అడగండి, అపర్చర్ 16లో పెట్టి తెల్ల గోడను ఫొటో తీసి మచ్చలు చూడండి. బిల్లు లేదంటే ధర ఎంత తగ్గించినా వద్దనండి.