జిమ్నీ ఎత్తు పెంచాలంటే ఏది మేలు: స్పేసర్లా, స్ప్రింగులా, షాకులా, రెండూ కలిపా?

మారుతి జిమ్నీ కొన్న ఆరు నెలలకో ఏడాదికో చాలామంది యజమానులకు ఒకే కోరిక పుడుతుంది: బండిని ఇంకో రెండంగుళాలు పైకి లేపించాలి. దానికి బజారులో నాలుగు దారులున్నాయి. ఉన్న స్ప్రింగులకే స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) పెట్టించడం ఒకటి. పాత షాకులను (షాక్ అబ్జార్బర్లను) అలాగే ఉంచి పొడవైన స్ప్రింగులు వేయించడం రెండోది. స్ప్రింగుల జోలికి పోకుండా మంచి షాకులు మాత్రం వేయించడం మూడోది. ఒకదానికొకటి సరిపడేలా తయారుచేసిన స్ప్రింగులనూ షాకులనూ కలిపి మార్చడం నాలుగోది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిలో డబ్బుంటే నాలుగోది మేలు, లేకపోతే మూడోది మేలు. మొదటి రెండింటి వల్ల బండి ఎత్తుగా కనిపిస్తుంది గాని, కొన్నప్పుడున్నంత బాగా నడవదు.

ఎందుకో చెప్పే ముందు, ఎత్తు విషయంలో చాలామందికి ఉన్న ఒక అపోహ తొలగాలి. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్ ఉంటుంది. అంటే రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే ఉక్కు గొట్టం, ఆ గొట్టంలో భాగంగా, ఇంజిను శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ గుండు ఉంటాయి. కంపెనీ చెప్పే 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌ను నిర్ణయించేది నేలకు అన్నింటికంటే దగ్గరగా ఉండే ఆ గుండే. స్ప్రింగు యాక్సిల్ మీద కూర్చుని బాడీని మోస్తుంది కాబట్టి, దాన్ని ఎంత పొడవు చేసినా బాడీ లేస్తుందే తప్ప గుండు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. ట్రాక్టర్ చక్రాల గాడుల మధ్య గట్టు మీద రాయికి గుండు తగిలే చోట, రెండంగుళాల లిఫ్ట్ చేయించిన బండికీ తగులుతుంది. గుండును లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్ 15 టైరు వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్ 15 వేస్తే అది 703 దాకా పోతుంది, అంటే గుండు 5 మిల్లీమీటర్లు లేస్తుంది. 235/75 ఆర్ 15 వేస్తే 20 మిల్లీమీటర్లు లేస్తుంది గాని, అంత టైరు మలుపుల్లో చక్రం పైనుండే ఆర్చ్‌కు రాసుకోకుండా ఉండాలంటే మళ్లీ లిఫ్టే కావాలి, పైగా ఆ బరువును తిప్పాల్సింది 1.5 లీటర్ల చిన్న ఇంజిను. (మహీంద్రా థార్ సంగతి వేరు. 2020 నుంచి వస్తున్న దానిలో ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్, ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. అక్కడ బాడీతో పాటు ముందు గుండూ లేస్తుంది, అయితే దాంతో డ్రైవ్ షాఫ్టుల కీళ్ల కోణం కూడా పెరుగుతుంది.)

మరి జిమ్నీలో లిఫ్ట్ వల్ల దక్కేదేమిటంటే, రెండు యాక్సిళ్ల మధ్య బండి పొట్ట లేవడం. మన దేశంలో 2023 జూన్ నుంచి అమ్ముతున్న ఐదు తలుపుల జిమ్నీకి వీల్‌బేస్ 2,590 మిల్లీమీటర్లు, మూడు తలుపుల దానికి 2,250. ఈ పొడవు వల్లే పొట్ట తగలకుండా గట్టు దాటే కోణం మూడు తలుపుల బండిలో 28 డిగ్రీలుండగా ఐదు తలుపుల దానిలో 24కు పడిపోయింది. పొట్టను 40 మిల్లీమీటర్లు లేపితే, లెక్క ప్రకారం, ఆ కోణం మళ్లీ 27, 28 డిగ్రీల మధ్యకు వస్తుంది. అంటే ఒకటిన్నర అంగుళం లిఫ్ట్‌తో పొడవు వల్ల పోగొట్టుకున్నది దాదాపుగా తిరిగి దక్కుతుంది. అంతకు మించి లేపడం మామూలు యజమానికి అనవసరమని నా నమ్మకం.

ఇక స్ప్రింగు పని ఒకటి, షాకు పని మరొకటి. బరువు మోసేదీ, ఎత్తును నిర్ణయించేదీ స్ప్రింగు. కుంగిన స్ప్రింగు మళ్లీ లేచేటప్పుడు ఎగిరెగిరి పడకుండా ఆపేది షాకు. స్ప్రింగులో దాగిన శక్తిని నూనె ద్వారా వేడిగా మార్చి గాలిలోకి వదలడమే దాని పని. మా మెకానిక్ షెడ్డులో ఒకసారి నలభై వేల కిలోమీటర్లు తిరిగిన పాత షాకునూ, కొత్త గ్యాస్ షాకునూ పక్కపక్కన నిలబెట్టి చేత్తో నొక్కి చూశాను. పాతదాని రాడ్డు మొదటి మూడో వంతు దాకా అసలు అడ్డే లేనట్టు జారిపోయి, అక్కడి నుంచి పట్టుకుంది. వదిలితే వదిలినచోటే ఉండిపోయింది. కొత్తదాన్ని దించడానికి రెండు చేతులూ వేసి ఒళ్లంతా మోపాల్సి వచ్చింది, వదిలాక అదే మెల్లగా పైకి లేచింది. ఆ లేవడాన్ని చూసి గ్యాస్ షాకు బండిని ఎత్తుతుందని కొందరు అనుకుంటారు. లోపలి గ్యాస్ నూనెలో నురగ రాకుండా ఒత్తిడి పెట్టి ఉంచడానికే. బండి ఎత్తులో దానివల్ల వచ్చే తేడా చెప్పుకోదగ్గది కాదు.

స్పేసర్ విషయానికొస్తే, దాని మేలు కూడా ఒప్పుకోవాలి. అన్నింటికంటే చవక, ఒక పూటలో అయిపోతుంది, నచ్చకపోతే తీసేయవచ్చు, స్ప్రింగు గట్టిదనం మారదు కాబట్టి ఖాళీ రోడ్డు మీద కుదుపూ పెరగదు. చిక్కంతా షాకు పొడవు దగ్గర వస్తుంది. ఒక షాకు మొత్తం 200 మిల్లీమీటర్లు కదలగలదనీ, బండి నిలబడి ఉన్నప్పుడు పైకి 110, కిందికి 90 మిగులుతుందనీ అనుకుందాం. 50 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టగానే కిందికి మిగిలేది 40 మాత్రమే. గుంతలోకి చక్రం దిగాల్సిన చోట అది దిగలేక గాలిలో వేలాడుతుంది. గాలిలో ఉన్న చక్రానికి పట్టు ఉండదు. రాళ్ల దారిలో పట్టు కోసమే కదా ఇంత ఖర్చు పెట్టింది. మారేడుమిల్లి ఘాట్‌లో ఒక మిత్రుడి బండి వెనకే వెళ్లినప్పుడు ఇది కళ్లారా చూశాను. స్పేసర్లు పెట్టి, పాత షాకులే ఉంచిన బండి అది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడూ వెనక నుంచి టంగుమని చప్పుడు వచ్చేది. చింతూరు వైపు దిగాక బండి ఆపి కింద పడుకుని చూస్తే, ఎడమ వెనక షాకు కింది బుష్షు చిరిగి రబ్బరు ముక్క బయటికి వేలాడుతోంది. యాక్సిల్ బరువంతా దిగజారినప్పుడల్లా దాన్ని ఆపే పని ఆ షాకు మీదే పడింది. అది అందుకోసం చేసింది కాదు. 20 మిల్లీమీటర్ల స్పేసర్ అయితే, వెనక కొద్దిగా కుంగిన బండిని సరిచేయడానికి వాడుకోవచ్చు. రెండంగుళాలకు మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

స్ప్రింగులు మాత్రమే మార్చే దారికి కూడా ఇదే లోపం ఉంది, దానికి మరొకటి తోడవుతుంది. లిఫ్ట్ స్ప్రింగులు సాధారణంగా పొడవుతో పాటు గట్టిగా కూడా ఉంటాయి. బరువు వేసే వాళ్లకు ఆ గట్టిదనం నిజంగా అవసరమే. వెనక స్ప్రింగు ఒక మిల్లీమీటరు కుంగడానికి 25 న్యూటన్ల బలం కావాలనుకుందాం. వెనక యాక్సిల్ మీద 100 కిలోలు అదనంగా పడితే ఒక్కో స్ప్రింగుకు సుమారు 490 న్యూటన్లు వస్తాయి, బండి వెనక భాగం దాదాపు 20 మిల్లీమీటర్లు కుంగుతుంది. 32 న్యూటన్ల స్ప్రింగు వేస్తే కుంగేది 15 మాత్రమే. అయితే స్ప్రింగు 30 శాతం గట్టిపడితే పాత షాకు అదుపు, ఆ స్ప్రింగుతో పోల్చినప్పుడు, సుమారు 12 శాతం తగ్గినట్టవుతుంది. కొత్త షాకుకైతే అంతవరకు ఓర్చుకునే శక్తి ఉండొచ్చు. సగం అరిగిన షాకుకు ఉండదు. ఫ్లైఓవర్ అతుకులు వరసగా వచ్చే హైవే మీద బండి ముక్కు ఒకసారి లేచి ఆగకుండా రెండు మూడుసార్లు ఊగుతుంటే, ఆ ఊపును స్ప్రింగు ఇస్తోంది, షాకు ఆపలేకపోతోంది అని అర్థం.

షాకులు మాత్రమే మార్చే మూడో దారిని మన వాళ్లు పెద్దగా పట్టించుకోరు, ఎందుకంటే బయటికి ఏమీ కనిపించదు, ఎత్తు పెరగదు. నా దృష్టిలో డబ్బుకు తగిన విలువ ఎక్కువగా దక్కేది ఇక్కడే. కంకర పరిచి వదిలేసిన రోడ్డు మీద గంటసేపు నడిపినప్పుడు మామూలు షాకులో నూనె వేడెక్కి, గాలి కలిసి నురగెత్తి, అదుపు సడలిపోతుంది. మొదటి పది కిలోమీటర్లలో బాగున్న బండి ఆ తర్వాత పడవలా ఊగడానికి కారణం అదే. ఎక్కువ నూనె పట్టే లావు ట్విన్‌ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) గ్యాస్ షాకు దీన్ని చాలావరకు ఆపుతుంది. ఒకే గొట్టం ఉండే మోనోట్యూబ్ షాకులో నూనె ఉన్న గొట్టానికే బయటి గాలి తగులుతుంది కాబట్టి అది ఇంకా త్వరగా చల్లబడుతుంది. కాకపోతే దాని గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే లోపలి పిస్టన్ ఇరుక్కుంటుంది, ట్విన్‌ట్యూబ్ అలాంటి దెబ్బను మరికొంత ఓర్చుకుంటుంది. రాళ్ల దారులకు ట్విన్‌ట్యూబ్, పొడవైన హైవే ప్రయాణాలకు మోనోట్యూబ్ అన్నది నా ఎంపిక. ఒక్క జాగ్రత్త కావాలి: స్ప్రింగులు పాతవే అయినప్పుడు లిఫ్ట్ కోసం చేసిన పొడవాటి షాకులు వేయకూడదు. చక్రం పూర్తిగా దిగినప్పుడు పొట్టి స్ప్రింగు తన సీటులోంచి జారిపోవచ్చు.

రెండూ కలిపి మార్చడం ఖరీదైన పని, అయినా మేలైనది అదే అనడానికి కారణం పొడవులు కుదరడం. స్ప్రింగు 40 మిల్లీమీటర్లు లేపితే షాకు కూడా కిందికి అంత అదనంగా సాగుతుంది, గట్టిపడిన స్ప్రింగుకు తగినట్టు దాని వాల్వులు అమరుతాయి. అయితే పొడవైన షాకు మూసుకున్నప్పుడు కూడా కొంత పొడవుగానే ఉంటుంది కాబట్టి, అది లోపలే గుద్దుకోకుండా బంప్ స్టాపులను (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మలను) కూడా ఆ మేరకు దించాలి. కిట్‌లో ఇవి లేకపోతే అడిగి తీసుకోవాలి. స్ప్రింగును ఎత్తు చూసి కాదు, ఎప్పుడూ బండి మీదుండే బరువు చూసి ఎంచుకోవాలి. ఇనుప బంపరు, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), పైన ర్యాకు లేని బండికి వంద కిలోల అదనపు బరువు కోసం చేసిన స్ప్రింగు వేయిస్తే లిఫ్ట్ అనుకున్నదానికంటే ఎక్కువ వస్తుంది, వెనక సీటులో కూర్చున్న పెద్దవాళ్ల నడుములు విరుగుతాయి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు, అనుమతించిన మొత్తం బరువు 1,545. నలుగురు మనుషులు, వాళ్ల సంచులు ఎక్కితేనే ఆ తేడా దాదాపు నిండిపోతుంది. గట్టి స్ప్రింగు వేసినంత మాత్రాన ఆ పరిమితి పెరగదు, ఎందుకంటే బ్రేకులూ యాక్సిళ్లూ పాతవే.

ఏ దారిన ఎత్తు పెంచినా వెంట వచ్చే పనులు కొన్నున్నాయి. ముందు యాక్సిల్‌ను పట్టి ఉంచే చేతులు (ఆర్మ్‌లు) కిందికి వాలడంతో యాక్సిల్ కొద్దిగా తిరిగి, క్యాస్టర్ కోణం (స్టీరింగ్‌తో చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. అప్పుడు మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు, ఎనభై దాటిన వేగంలో బండి అటూ ఇటూ దేకినట్టుంటుంది. రెండంగుళాల లిఫ్ట్‌కు క్యాస్టర్ సరిచేసే బుష్షులు తప్పనిసరి అని నేనంటాను. యాక్సిల్ పక్కకు జరగకుండా ఆపే పాన్‌హార్డ్ రాడ్డు వాలు పెరిగి, యాక్సిల్‌ను కొన్ని మిల్లీమీటర్లు ఒక పక్కకు లాగుతుంది; సర్దుకునే రాడ్డు వేస్తే అది పోతుంది. స్టీరింగ్ చక్రం వంకరగా నిలిస్తే, స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే డ్రాగ్ లింక్ రాడ్డు దగ్గర సరిచేయాలి. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుపోతున్నాయేమో జాకీ మీద లేపి చూడాలి.

చట్టం సంగతి కూడా దాచకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలు 182ఎ సెక్షన్‌లో ఉంది. కంపెనీ ఎత్తుకే సరిపోయే మంచి షాకులు వేయించుకునే వాళ్లకు ఈ బెంగ తక్కువ, మూడో దారి వైపు నేను మొగ్గడానికి ఇదీ ఒక కారణం. ఏది చేయించినా బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు తెప్పించుకోవాలి.

పని చేయించే రోజు పక్కనే నిలబడి చూడాల్సింది ఒకటుంది. బండి జాకీ మీద వేలాడుతుండగానే యాక్సిల్ చేతుల బోల్టులు పూర్తిగా బిగించేస్తే, నేల మీదికి దించగానే లోపలి రబ్బరు బుష్షు మెలితిరిగి ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండిపోతుంది, కొన్ని నెలల్లోనే చీలిపోతుంది. బోల్టులను వదులుగా ఎక్కించి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, రెండు మూడుసార్లు ఊపిన తర్వాతే బిగించాలి. ఎత్తును నేల నుంచి కాక చక్రం మధ్య నుంచి ఆర్చ్ అంచు దాకా టేపుతో కొలవాలి, అప్పుడు టైరు గాలిలో తేడా లెక్కలోకి రాదు. పనికి ముందు నాలుగు మూలలా కొలిచి రాసుకుని, పని అయ్యాక మళ్లీ కొలవాలి. కొత్త స్ప్రింగు మొదట్లో కొద్దిగా కుంగడం మామూలే కాబట్టి వెయ్యి కిలోమీటర్ల తర్వాత మూడోసారి కొలిచి, బోల్టుల బిగువు చూసి, అప్పుడు ఎలైన్‌మెంట్ మళ్లీ ఒకసారి చేయించాలి.