రాణి తల లేని పాల జగ్గు: లండన్ పాత వెండి బజార్లలో మూడు రోజులు

లండన్‌లో జపాన్ బాణీ పాత వెండి కొందామనుకునేవాళ్లు పర్సు తీసేముందు వస్తువు తిరగేసి విక్టోరియా రాణి తల ముద్ర వెతకండి. పోర్టోబెల్లో రోడ్డులో శనివారం పొద్దున, ఒక ఆర్కేడ్ మెట్ల కింద కొట్లో 140 పౌండ్లు పోసి కొన్న పాల జగ్గు మీద అది లేదు. చీటీ మీద మాత్రం "1880" అని కొట్టొచ్చినట్టు ఉంది.

జగ్గు చూడ్డానికి ముచ్చటైనదే. వెదురు కణుపుల పిడి, ఒక పక్కకి ఒరిగిన విసనకర్ర బొమ్మ, దాని అంచు దాటి ఎగిరిపోతున్న రెండు పిచ్చుకలు. పిచ్చుకల మీద బంగారు పూత. మిగతా సగం ఖాళీ. అలా ఖాళీ వదలడమే ఇంగ్లండు కంసాలులు జపాన్ నుంచి నేర్చుకున్న అసలు విద్య.

తేడా అడుగున ఉంది. బ్రిటన్‌లో 1784 నుంచి 1890 దాకా వెండి మీద సుంకం ఉండేది. కట్టినట్టు గుర్తుగా రాజుదో రాణిదో తల ముద్ర వేసేవారు. 1880 నాటి జగ్గు మీద అయిదు ముద్రలు కనబడాలి: నడుస్తున్న సింహం (అసలు వెండికి గుర్తు), ఊరి గుర్తు (బర్మింగ్‌హామ్ అయితే లంగరు), సంవత్సరం అక్షరం, చేసినవారి పొడి అక్షరాలు, విక్టోరియా తల. ఇక్కడ నాలుగే ఉన్నాయి. అరిగిపోయిన జాడ కూడా లేదు. అంటే 1890 తర్వాతి సరుకు. వెండి నిజమే, వయసే అబద్ధం. ధర వేసింది వయసుకే కదా! మధ్యాహ్నం వెనక్కి తీసుకెళితే "చీటీ మీద రాసింది ఉజ్జాయింపు" అన్నాడు కొట్టాయన. బిల్లు మీద "వెండి జగ్గు" అని తప్ప ఇంకేమీ లేదు మరి. ఊరు, సంవత్సరం, చేసినవారి పేరు బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే ఆ కొట్టు దిగి వచ్చెయ్యండి.

వెండిపూత సరుకు మీద సింహం ఉండదు. కొన్నిటికి వజ్రం ఆకారంలో రిజిస్ట్రేషన్ గుర్తు ఉంటుంది. 1868 నుంచి 1883 వరకు దాని కుడి మూలలో ఉన్న అక్షరమే సంవత్సరం: డి అయితే 1878, వై అయితే 1879. అది డిజైను నమోదైన ఏడు. వస్తువు ఆ తర్వాత ఎప్పుడైనా చేసి ఉండొచ్చు. పూత అరిగిందేమో ముక్కు కొన దగ్గరా, అడుగు అంచు దగ్గరా చూడాలి. కింది లోహం తొంగిచూస్తుంది, రాగి అయితే ఎర్రగా. చెక్కడం గీతలు మెత్తబడి, నిండిపోయినట్టుంటే మళ్లీ పూత వేశారన్నమాట. ఇంకో పరీక్షకి ఖర్చు లేదు. వస్తువు మీద నోటితో ఆవిరి ఊదండి, అతుకు గీతలు తేలతాయి. పాత పేరు చెరిపేసిన చోట బొటనవేలితో నొక్కితే రేకు పల్చగా లోపలికి పోతుంది.

పొరపాటు ఎక్కడంటే, ముందు బజారుకి, తర్వాత మ్యూజియానికి వెళ్లడం. తిరగేసి చెయ్యాలి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం, శుక్రవారం రాత్రి పది దాకా తెరిచే ఉంటుంది. కింద జపాన్ గది చూసి, పైన వెండి గ్యాలరీలకి వెళ్లండి. బ్రిటిష్ డిజైనర్ క్రిస్టఫర్ డ్రెస్సర్ పనితనం వదలకూడదు. ఆయన 1876 డిసెంబరులో జపాన్ వెళ్లి నాలుగు నెలలు తిరిగివచ్చాడు. ఆయన పూలూ పిట్టలూ చెక్కలేదు, నిటారు గీతలూ కోణాలూ మాత్రమే పట్టుకొచ్చాడు. ఆయన వస్తువులు నిన్న మొన్న చేసినట్టుంటాయి.

జపాన్ పనిలో ఎరుపు, నలుపు, బూడిద రంగు లోహాలు ఒకదాని మీదొకటి కూర్చి ఉంటాయి. నలుపుకి రాగిలో కాస్త బంగారం, బూడిద రంగుకి రాగిలో నాలుగోవంతు వెండి. మన బిద్రీ నలుపు చూసిన కళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. 1876లో సమురాయిలు కత్తి ధరించకూడదని నిషేధం వచ్చాక, కత్తి పిడులకు ఈ పని చేసే చేతులు కుండీల మీదికి మళ్లాయి. ఇంగ్లండులో హాల్‌మార్క్ వెయ్యాలంటే వెండి మీద రాగి అతికించనివ్వరు. అందుకే ఇక్కడ రంగుకి బంగారు పూతే దిక్కు. ఆ అడ్డు లేని అమెరికాలో టిఫనీ నగల కంపెనీ వాళ్లు రాగి చేపల్నీ తూనీగల్నీ వెండి మీద అతికించి 1878 పారిస్ ప్రదర్శనలో పెద్ద బహుమతి కొట్టారు. లండన్ కొట్లో వెండి మీద రాగి పిట్ట కనబడి, పక్కనే సింహం ముద్ర కూడా ఉంటే అనుమానించాల్సిందే.

ఛాన్సరీ లేన్ సిల్వర్ వాల్ట్స్‌కి గురువారం వెళ్లాం. భూమి కింద కొట్లు, ధరలు ఎక్కువే, కానీ అడిగితే భూతద్దం చేతికిచ్చి ముద్రలు చదివి చెబుతారు. శనివారం ఒంటిగంటకే మూసేస్తారు, ఆదివారం సెలవు. పోర్టోబెల్లోతో కలిపి ఒకే రోజు పెట్టుకోకండి.

టీ పాత్ర కొనాలనుకుంటే పిడి చూడండి. వేడి చేతికి తగలకుండా మధ్యలో రెండు సన్నని తెల్ల బిళ్లలుంటాయి, తరచు అవి ఏనుగు దంతం. "ఎముకే" అంటారు. అంత చిన్న బిళ్ల మీద తేల్చడం కష్టం. బ్రిటన్‌లో దంతం అమ్మకం మీద 2022 జూన్ నుంచి నిషేధం అమల్లో ఉంది, 1947కి ముందుదై, దంతం పదోవంతు లోపైతే రిజిస్టర్ చేసి అమ్మొచ్చు. ఇండియాకి తెస్తే మాత్రం చిక్కే. నల్ల చెక్క పిడి ఉన్నదే తీసుకోండి. టూరిస్టులకి వ్యాట్ (అమ్మకం పన్ను) వెనక్కిచ్చే పద్ధతి 2021లోనే ఎత్తేశారు, ఎవరైనా ఆశ పెడితే నమ్మొద్దు.

బస ప్యాడింగ్టన్ దగ్గర, రాత్రికి 118 పౌండ్లు. గదిలో లాకర్ లేదు. బ్యాగు కాసేపు రిసెప్షన్‌లో ఉంచినందుకు ఆరు పౌండ్లు, పోతే బాధ్యత లేదని పైన సంతకం. వెండి కొనేవాళ్లు లాకరున్న గది చూసుకోవాలి. తిండికి యూస్టన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్ దోసెలు ఆదుకున్నాయి.

జగ్గు చూసి మా అత్తగారు "కాస్త చింతపండు పెట్టి తోమితే మిలమిల్లాడుతుంది" అని లేచారు. పరుగెత్తి ఆపాల్సొచ్చింది. తోముతూ పోతే పిచ్చుకల మీది పూత పోతుంది, గీతల్లో నల్లగా కూర్చున్న మకిలి పోతే బొమ్మే తేలదు. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బు, మెత్తని నూలు గుడ్డ, అంతే. రాగి, నల్ల లోహం కలిసిన వస్తువుకైతే ఆ నీళ్లు కూడా వద్దు, పొడిగుడ్డే.