శంకర్‌పల్లి అవతల ఇల్లు కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు కింద మట్టి ఏంటో అడగండి

హైదరాబాద్‌కు పడమరన శంకర్‌పల్లి దాటాక, చేవెళ్ల, వికారాబాద్ వైపు రెడీగా ఉన్న డూప్లెక్స్ ఇళ్లు చూస్తున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. మేము ఎండాకాలంలో కొన్న కొత్త ఇల్లు మొదటి వానాకాలానికే పగుళ్లు తీసింది. హాల్లో టైల్స్ ఉబ్బి లేచాయి. వెనక గది తలుపు పట్టేసి మూతపడటం లేదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పైకి పాకాయి. బిల్డర్ మనుషులు వచ్చి, "కొత్త ఇంటికి ఇవి మామూలే సార్, ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వస్తాయి" అని పుట్టీ పెట్టి, రంగేసి పోయారు. దసరా నాటికి అవే బీటలు అదే చోట మళ్లీ తెరుచుకున్నాయి.

ప్లాస్టరింగ్ బీట సన్నగా, వెంట్రుకలా, పైపైనే ఉంటుంది. మా గోడలవి లోపలి ఇటుక దాకా వెళ్లాయి. బయటి స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించి ఫ్లోరింగ్ ఒకచోట తవ్వి చూపిస్తే అసలు సంగతి బయటపడింది. కింద ఉన్నది నల్లరేగడి. దానిమీద పలచగా మొరం పరిచి, ఆపైన కాంక్రీటు వేసి టైల్స్ అంటించేశారు.

గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు నేల గ్రానైట్ రాయిది, ఎర్రమట్టి, మొరం. పడమరకు పోయేకొద్దీ దక్కన్ లావా రాయి మొదలవుతుంది. అది చివికితే వచ్చేదే నల్లరేగడి. ఇందులో మాంట్‌మోరిలోనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. నీళ్లు తగిలితే దాని పొరల మధ్యకు నీరు చేరి మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మే నెలలో ఆ పొలాల్లో నెర్రెలు విచ్చేది ఇందుకే. పత్తికి, శనగకి మంచి నేలే. ఇంటి పునాదికి మాత్రం ప్రత్యేకంగా డిజైన్ చేసుకోవాల్సిన నేల.

ఇల్లంతా ఒకే తీరున లేచి ఒకే తీరున దిగితే ఇంత నష్టం ఉండదు. తడి ఒకవైపే చేరినప్పుడు ఆ మూల లేస్తుంది, మిగతాది అక్కడే ఉంటుంది, మధ్యలో గోడ చీలుతుంది. మా ఇంట్లో తడి ఎక్కడినుంచి వస్తోందో చూడండి: వెనక గోడకు ఆనుకుని ఇంకుడు గుంత, దాని పక్కనే సెప్టిక్ ట్యాంక్, పైకప్పు వాన నీటి పైపు నేరుగా గోడ మొదట్లోకి. చుట్టూ నీళ్లు బయటికి జారేలా సిమెంట్ అంచు లేదు. ఇంకుడు గుంత ఉండాల్సిందే, కానీ ఈ నేలలో దాన్ని పునాదికి వీలైనంత దూరంగా తవ్వాలి. ఇంకో ప్రమాదం ఉంది. నేల కదిలితే కింద డ్రైనేజీ పైపు జాయింట్లు ఊడతాయి, ఆ లీకేజీతో మట్టి ఇంకా ఉబ్బుతుంది.

తేలికైన ఇంటికే ఈ బాధ ఎక్కువ. ఉబ్బే మట్టి పైకి తోసే బలాన్ని అణచిపెట్టేంత బరువు ఒకటి రెండు అంతస్తుల ఇంటికి ఉండదు. అందుకే పోర్టికో, మెట్లు, కాంపౌండ్ వాల్ ముందుగా చీలతాయి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు హాలు కంటే ముందు వీటినే చూడండి. అదే లేఅవుట్‌లో రెండు మూడు వానాకాలాలు గడిచిన ఇళ్లుంటే తలుపు తట్టి అడగండి, ఎవరూ కాదనరు. ఒక్క గోడకే కొత్తగా రంగేసి ఉంటే మరీ జాగ్రత్త.

"నల్లమట్టి తీసేసి ఇసుక నింపాం" అంటే ఊరట పడకండి. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక ఉంటే అది తొట్టిలా నీళ్లు పట్టి ఉంచుతుంది. నింపాల్సింది ఉబ్బని గుణం, కాస్త జిగురు ఉన్న మొరం, అదీ పొరలు పొరలుగా దిమ్మిసతోనో రోలర్‌తోనో గట్టిపరిచి. లేదా అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగు భాగం ఉబ్బెత్తుగా వెడల్పు చేసి నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు వేయాలి. ఇవి రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ) ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి. లోతైన నల్లరేగడిలో కనీసం 3.5 మీటర్లు దింపాలి, తడవడం, ఆరడాల ప్రభావం అంత లోతుకు పెద్దగా చేరదు కాబట్టి. పైల్స్ మీది బీమ్ కింద మట్టి తగలకుండా ఖాళీ కూడా వదలాలి.

సాయిల్ టెస్ట్ రిపోర్ట్ అడిగినప్పుడు నేల ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె ఒక్కటీ చూసి ఊరుకోకండి. ఫ్రీ స్వెల్ ఇండెక్స్, అంటే మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె ఎంతో చూడండి. 10 గ్రాముల చొప్పున ఎండిన మట్టిని ఒక జాడీలో నీళ్లలో, ఇంకోదాంట్లో కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. రెండిటికీ తేడా శాతంలో వస్తుంది. 50 దాటితే పునాది ఎలా వేశారో ఇంజనీర్ సంతకంతో డ్రాయింగ్ అడగండి. 100 దాటితే డ్రాయింగ్ లేకుండా పైసా ఇవ్వొద్దు. చాలా చిన్న పరీక్ష ఇది. కోటి రూపాయల ఇంటికి ఇది చేయించలేదంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్టర్ అయి ఉంటే, ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు వచ్చిన నిర్మాణ లోపాన్ని మీరు చెప్పిన 30 రోజుల్లో ఖర్చు లేకుండా బిల్డర్ సరిచేయాలి. రెరా చట్టం సెక్షన్ 14(3) ఇది. 500 చదరపు మీటర్లు దాటని స్థలంలో కట్టినవాటికీ, 8 ఇళ్లు మించని ప్రాజెక్టులకీ రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అప్పుడు దారి వినియోగదారుల కమిషన్, అక్కడ ఫిర్యాదు చేయడానికి గడువు 2 ఏళ్లు. ఏదైనా రాతపూర్వకంగా పెట్టండి. ఫోన్లో మాటలు పనికిరావు.

ఇప్పటికే కొని ఇదే బాధ పడుతున్నవాళ్లు పుట్టీ పెట్టనివ్వకండి. బీట పక్కన తేదీ రాసి, స్కేలు పెట్టి ఫొటోలు తీయండి, వానాకాలంలోనూ, ఎండాకాలంలోనూ. ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ఆపాలి, నేల కదలిక నెమ్మదించాకే గోడల మరమ్మతు. మా వీధిలో అదే బిల్డర్ ఇంకా ఇళ్లు అమ్ముతున్నాడు. సైట్‌కి వెళ్తే ఇంకుడు గుంత గోడకి ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి కొలవండి.