డబుల్ బెడ్రూం ఇంట్లో రెండేళ్లు

డ్రాలో ప్రభుత్వ డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చి రెండేళ్లు దాటింది. హైదరాబాద్ అంచున పెద్ద కాలనీ, మాది నాలుగో అంతస్తు. 560 చదరపు అడుగులు, రెండు గదులు, హాలు, వంటిల్లు, రెండు బాత్రూంలు. పైసా కట్టలేదు. పట్టా అమ్మ పేరు మీదే ఉంది. బస్తీలో పదహారేళ్లు ఒక్క రేకుల గదిలో ఉన్నాం. వాన పడితే కారే చోటల్లా గిన్నెలు పెట్టి రాత్రంతా మేలుకునేవాళ్లం. ఓనర్ ఎప్పుడు ఖాళీ చేయమంటాడో అన్న టెన్షన్ ఇప్పుడు లేదు. ఆ ఒక్కదానికే ఈ ఇంటికి ఎన్ని మార్కులైనా వేస్తాను.

కష్టమంతా నాన్నకే. పోలియో వల్ల వీల్‌చెయిర్‌లోనే తిరుగుతారు. బాత్రూం తలుపులో అది పట్టదు. గుమ్మం దగ్గర ఆపి, ప్లాస్టిక్ స్టూలు మీదికి జరిగి, గోడ పట్టుకుని లోపలికి వెళ్తారు. తర్వాత మేమే ఒక స్టీలు రాడ్ బిగించాం. మొన్న వేసవిలో లిఫ్ట్ 11 రోజులు ఆగిపోయింది. మెయింటెనెన్స్ డబ్బులు వసూలు కాలేదని ఒకరు, రిపేరు మనిషి రాలేదని ఇంకొకరు. అన్ని రోజులూ నాన్న కిందికి దిగలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇళ్ల పథకాల్లో 5 శాతం వాళ్లకు కేటాయించమంటోంది. ఇచ్చేటప్పుడే గ్రౌండ్ ఫ్లోర్ రాస్తే ఏం పోయేది?

బస్తీలో ఉన్నప్పుడు అమ్మ నాలుగిళ్లలో పని చేసేది. ఇప్పుడు రెండే. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకంలో జీరో టికెట్టే, కానీ రెండు బస్సులు మారి పోయి రావడానికి మూడు గంటలు. ఆరింటికి గిన్నెలు తోమాల్సిన ఇల్లు ఏడున్నర దాకా ఆగదు కదా. 1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, గూడంటే తల మీద కప్పు ఒక్కటే కాదు, గాలి, వెలుతురు, నీళ్లు, మరుగుదొడ్డి, రోజూ పనికి వెళ్లే దారి కూడా అంది. లా కాలేజీలో అది చదువుతుంటే అమ్మ ఎక్కే బస్సే కళ్ల ముందు మెదిలింది.

నాన్న చేతి కుట్టు మిషన్ ఇప్పుడు వరండాలో, లిఫ్ట్ పక్కన. పై అంతస్తుల ఆడవాళ్లు జాకెట్లు, చీరలకు ఫాల్స్ తెచ్చిస్తున్నారు.

ఇల్లు వస్తే వద్దనకండి. ఇంట్లో నడవలేని మనిషి ఉంటే మాత్రం తాళాలు తీసుకునే ముందే గ్రౌండ్ ఫ్లోర్ కోసం అర్జీ పెట్టండి. ముద్ర వేయించిన కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి. మేము వేయించుకోలేదు. అర్జీ ఇచ్చారా అని ఇప్పుడు మమ్మల్నే అడుగుతున్నారు.