అనంతపురంలో టీం పెంచాలంటే: బెంగళూరు సీనియర్లా, ఇక్కడి ఫ్రెషర్లా?

ఐదారుగురున్న సాఫ్ట్‌వేర్ టీం ఇరవై మందికి పెరగాలంటే రెండు దారులు. బెంగళూరు నుంచి సీనియర్లను తెస్తే పని వెంటనే అందుకుంటారు. జీతాలెక్కువ, కుటుంబం అక్కడే ఉంటే నిలవరు.

రెండోది జేఎన్‌టీయూ అనంతపురం, 2015లో మొదలైన కర్నూలు ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల చదివినవాళ్ళను తీసుకోవడం. నా ఓటు దీనికే, నేర్పే సీనియర్లు ఇద్దరైనా ఉంటే. కోడ్‌లో చేసే ప్రతి మార్పుకూ కోడ్ రివ్యూ, అంటే ఒకరు రాసింది ఇంకొకరు చూసి సరిచూడడం, ఉండాలి. అందులో "ఇలా ఎందుకు రాశారన్నా?" అని ఫ్రెషర్ సీనియర్‌ని అడగగలగాలి. సర్వర్ పడిపోతే ఎవరి తప్పో వెతకడం మాని, ఏ టెస్టు లేకపోవడం వల్ల ఆ లోపం ప్రొడక్షన్ (జనం వాడే అసలు సిస్టమ్) దాకా వచ్చిందో రాసిపెట్టుకోవాలి. పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మన పిల్లలకు ఆ బెరుకు పోవడానికి టైం పడుతుంది, ఇవ్వండి.

డెడ్‌లైన్ మూడు నెలల్లోనే ఉంటే మాత్రం మొదటి దారే.